కడుపుతో ఉన్నప్పుడు టీకాలు: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు, వాటికి సమాధానాలు

గర్భిణులు టీకాల గురించి అడిగేవి చాలావరకు ఒకే తరహా ప్రశ్నలు. "వేయించుకోవచ్చా?" అని మొదలైన మాట కాసేపటికి "ఏమైనా అయితే నా చేతులారా చేసుకున్నట్టే కదా" అన్న దగ్గరికి వస్తుంది. అందుకే ఇక్కడ నెలలు, డోసులతో పాటు ఆ తటపటాయింపు ఎక్కడ మొదలవుతుందో కూడా రాశాను. దేనికదే విడిగా చదువుకోవచ్చు. మీ ఒంటి సంగతి తెలిసిన డాక్టరును ఎలాగూ అడగాలి. ఏం అడగాలో తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

## గర్భం కోసం చూస్తున్నప్పుడు

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. ముందే వేయించుకోవాల్సిన టీకాలు ఏమైనా ఉన్నాయా?

ముఖ్యంగా రెండు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే ఎంఎంఆర్ ఒకటి, ఆటలమ్మ టీకా రెండోది. వీటిలో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది కాబట్టి గర్భం వచ్చాక ఇవ్వరు. వేయించుకున్నాక కనీసం నెల రోజులు ఆగమంటారు. రుబెల్లా పెద్దవాళ్లకు దద్దుర్లతో కూడిన చిన్న జ్వరంలా వచ్చి పోతుంది. అదే గర్భం తొలి నెలల్లో సోకితే బిడ్డ కళ్లు, చెవులు, గుండె దెబ్బతినవచ్చు. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు, పుట్టుకతోనే శుక్లాలున్న పసివాళ్లు ఎక్కువగా వస్తున్నారేమిటని తల్లుల్ని ఆరా తీస్తే ఈ సంబంధం బయటపడింది. చిన్నప్పుడు టీకా వేశారో లేదో గుర్తు లేకపోతే, రుబెల్లా యాంటీబాడీలు, అంటే ఆ జబ్బును అడ్డుకోవడానికి ఒళ్లు తయారు చేసుకునే రక్షక పదార్థాలు, ఉన్నదీ లేనిదీ రక్తపరీక్షలో తెలుస్తుంది.

ఎంఎంఆర్ వేయించుకున్న రెండు వారాలకే నెల తప్పిందని తెలిసింది. గర్భం తీసేయించుకోవాలా?

అక్కర్లేదు. గర్భం సంగతి తెలియక రుబెల్లా టీకా వేయించుకున్న స్త్రీల వివరాలను పలు దేశాల్లో ఏళ్ల తరబడి నమోదు చేశారు. టీకాలోని వైరస్ వల్ల రుబెల్లా లోపాలతో బిడ్డ పుట్టిన దాఖలా లేదు. నెల ఆగమనడం ముందుజాగ్రత్త మాత్రమే. టీకా తేదీ డాక్టరుకు చెప్పండి, మామూలుగా జరిగే స్కానింగులు చేయించుకోండి. ఈ ఒక్క కారణంతో ఎవరైనా గర్భం వద్దనుకోమంటే తప్పకుండా ఇంకో డాక్టరును అడగండి.

## మొదటి మూడు నెలలు

ఈ నెలల్లో చిన్న మాత్ర కూడా వద్దంటారు కదా, మరి టీకా ఎలా వేయించుకోమంటారు?

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1950ల చివర్లో వేవిళ్లకు ఇచ్చిన థాలిడోమైడ్ అనే మందు వల్ల వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. 1961 చివర్లో దాన్ని ఆపేసేలోగా జరగాల్సిన నష్టం జరిగిపోయింది. అప్పటి నుంచి గర్భిణి అంటే మందులకు దూరం అన్న జాగ్రత్త సమాజంలో గట్టిగా నిలిచిపోయింది, అది మంచిదే.

టీకా పనిచేసే తీరు వేరు. ఫ్లూ సూదిలో ఉండేది చంపిన వైరస్ ముక్కలు. అవి లోపల పెరగవు, బిడ్డకు సోకవు, మీ ఒంట్లో యాంటీబాడీలు తయారు చేయించి పోతాయి. ముక్కులో కొట్టే ఫ్లూ స్ప్రేలో మాత్రం సజీవ వైరస్ ఉంటుంది, అది గర్భిణులకు ఇవ్వరు. సూదిని ఏ నెలలోనైనా ఇవ్వొచ్చు. ఎందుకింత తొందరంటే, గర్భంతో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల మీద, గుండె మీద భారం పెరుగుతుంది కాబట్టి ఫ్లూ ముదిరితే తల్లికే ప్రమాదం. 2009లో హెచ్1ఎన్1 ఫ్లూ వచ్చినప్పుడు అమెరికా జనాభాలో గర్భిణులు దాదాపు 1 శాతం, ఆ ఫ్లూ మరణాల్లో మాత్రం దాదాపు 5 శాతం. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం ఫ్లూ టీకాలో అందరికన్నా ముందు వరుస గర్భిణులకే ఇవ్వమని చెప్పింది.

ఫ్లూ టీకాతో అబార్షన్ అవుతుందని ఏదో పరిశోధనలో తేలిందట, నిజమేనా?

అలాంటి పరిశోధన ఒకటి ఉంది, లేదని చెప్పి దాటేయడం సరికాదు. 2017లో అమెరికాలో వచ్చింది. వరసగా రెండేళ్లు హెచ్1ఎన్1 ఉన్న టీకా వేయించుకున్న వాళ్లలో, టీకా తర్వాత 28 రోజుల్లో అబార్షన్లు కాస్త ఎక్కువగా కనిపించాయి. చూసిన కేసులు తక్కువ, టీకాయే కారణమని పరిశోధకులు కూడా చెప్పలేదు. అనుమానం తీర్చుకోవడానికి తర్వాతి ఫ్లూ సీజన్ల మీద మూడు రెట్లకు పైగా పెద్ద అధ్యయనం చేశారు. 2019లో దాని ఫలితం వచ్చింది: ఏ సంబంధమూ కనిపించలేదు. మొదటి వార్త చేరినంత దూరం రెండోది చేరలేదు, అందుకే ఈ ప్రశ్న ఇప్పటికీ వస్తోంది.

నాకు ఇంతకుముందు ఒకసారి గర్భం పోయింది. ఈసారి ఏదీ ముట్టుకోకుండా ఉండటమే మేలేమో?

ఈ ప్రశ్న అడిగేవాళ్లకు సమాచారం తెలియక కాదు. ఒకసారి దెబ్బతిన్న మనసు, చేసిన పనికి తనను తాను నిందించుకుంటుంది, చేయని పనికి అంతగా నిందించుకోదు. టీకా వేయించుకున్న మర్నాడు ఏదైనా జరిగితే జీవితాంతం ఆ సూదే గుర్తొస్తుంది. వేయించుకోకపోవడం వల్ల ఫ్లూ వచ్చి ఏదైనా జరిగితే మన ఖర్మ అనుకుంటాం. 1990లో ఇలానా రిటోవ్, జొనాథన్ బారన్ అనే పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. జబ్బు వల్ల వచ్చే ముప్పు కంటే టీకా వల్ల వచ్చే ముప్పు తక్కువేనని లెక్క చూపించినా, చాలామంది ఏమీ చేయకపోవడం వైపే మొగ్గారు. ఏమీ చేయకుండా ఊరుకున్నా ఆ ముప్పు మన మీదే ఉంటుంది, కాకపోతే కంటికి కనపడదు.

ఇంకో లెక్క కూడా తెలిసి ఉండాలి. గర్భం అని తెలిసిన ప్రతి 100 మందిలో 10 నుంచి 20 మందికి అబార్షన్ అవుతుంది. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే, చాలాసార్లు పిండంలోని క్రోమోజోముల తేడాల వల్లే. టీకా వేయించుకున్నా, మానుకున్నా ఈ నష్టాల్లో చాలావరకు జరిగేవే. కాబట్టి టీకా తర్వాత జరిగింది కదా అని టీకా వల్లే అనుకోనక్కర్లేదు.

మనసు ఒప్పకపోతే ఒక దారి ఉంది. ఫ్లూ సీజన్ దగ్గర్లో లేకపోతే నాలుగో నెల దాకా ఆగుతానని డాక్టరుతో చెప్పి, ఆ తేదీ అప్పుడే రాయించుకోండి. తేదీ లేని వాయిదా అలాగే జరిగిపోతూ ఉంటుంది.

టీకా తర్వాత జ్వరం వస్తే బిడ్డకు ప్రమాదమా?

చేయి నొప్పి, ఒళ్లు బరువు, కొద్దిపాటి జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. తొలి నెలల్లో తీవ్రమైన జ్వరం ఎక్కువసేపు ఉండటం మంచిది కాదు కాబట్టి, జ్వరం వస్తే ఏ మాత్ర, ఎంత మోతాదు అన్నది టీకా గదిలో నుంచి బయటికి రాకముందే అడిగి పెట్టుకోండి. మామూలుగా పారాసెటమాల్ చెబుతారు. అసలు జబ్బు వస్తే ఉండే జ్వరం ఇంతకంటే చాలా ఎక్కువ.

## నాలుగో నెల నుంచి కాన్పు దాకా

ఏ టీకా ఎన్నో నెలలో?

ధనుర్వాతం టీకా ఇదివరకు సరిగా పడనివాళ్లకు గర్భం తెలిసిన వెంటనే ఒక డోసు, కనీసం నాలుగు వారాల తేడాతో రెండోది ఇస్తారు. రెండోది కాన్పుకు రెండు వారాల ముందే పడాలి. కోరింత దగ్గు టీకా, అంటే టీడాప్, ఎక్కువగా గర్భం మధ్య మూడు నెలల్లోనో చివరి మూడు నెలల్లోనో ఇస్తారు. ఫ్లూ సూది ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. పసిపిల్లల ఊపిరితిత్తుల్ని పట్టే ఆర్ఎస్‌వి అనే వైరస్‌కు టీకా అందుబాటులో ఉన్నచోట చివరి నెలల్లో ఇస్తారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను కాన్పయ్యే దాకా ఆపుతారు.

పుట్టాక బిడ్డకే టీకాలు వేస్తారుగా, నాకెందుకు?

నిర్ణయం మార్చే ప్రశ్న ఇదే, కాస్త నిదానంగా చదవండి.

కోరింత దగ్గు టీకా మొదటి డోసు బిడ్డకు ఆరు వారాలకో, రెండు నెలలకో పడుతుంది. ఫ్లూ టీకా ఆరు నెలలు నిండేదాకా అసలు ఇవ్వరు. పసిబిడ్డకు కోరింత దగ్గు ప్రాణం మీదికి వచ్చేది సరిగ్గా ఈ సందులోనే. నెలల బిడ్డ పెద్దపిల్లల్లా గట్టిగా దగ్గలేదు. దగ్గు తెర వచ్చినప్పుడు ఊపిరి ఆగి, పెదాలు నీలంగా మారతాయి. ఒక్కోసారి దగ్గు వినపడదు, ఊపిరి ఆగడమే కనిపిస్తుంది.

ఈ సందును పూడ్చగలిగింది తల్లే. టీకా పడ్డాక రెండు వారాల్లో మీ రక్తంలో యాంటీబాడీలు బాగా పెరుగుతాయి. మాయ వాటిని పట్టి బిడ్డకు పంపుతుంది. ఈ పంపకం నాలుగో నెల ప్రాంతంలో కొద్దికొద్దిగా మొదలై చివరి మూడు నెలల్లో జోరందుకుంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డలో అవి తల్లిలో కంటే కూడా ఎక్కువగా ఉండొచ్చు.

ఫలితం కళ్లారా చూసిన దేశం ఇంగ్లండ్. 2012లో అక్కడ కోరింత దగ్గు విజృంభించి 14 మంది పసిబిడ్డలు చనిపోయారు. ఆ ఏడాది అక్టోబరు నుంచి గర్భిణులకు టీకా మొదలుపెట్టారు. మూడు నెలల లోపు బిడ్డల్లో జబ్బును అది దాదాపు 90 శాతం అడ్డుకుందని తర్వాత తేలింది. ఆ జబ్బు కంటపడటం తగ్గాక భయమూ తగ్గింది. 2017లో 70 శాతం దాటిన టీకా వాడకం 2023 నాటికి 60 శాతం లోపుకు పడిపోయింది. 2024లో కోరింత దగ్గు మళ్లీ పసివాళ్లను పొట్టన పెట్టుకుంది.

ఒక్కో దేశం ఒక్కో వారం చెబుతోంది. వాళ్లకే తెలియనప్పుడు మేమెలా నమ్మాలి?

కోరింత దగ్గు టీకాను అమెరికాలో 27 నుంచి 36 వారాల మధ్య వేయించుకోమంటారు, బ్రిటన్‌లో 16వ వారం నుంచే ఇస్తారు. ఈ తేడా భద్రత గురించి వచ్చింది కాదు. యాంటీబాడీలు గరిష్ఠంగా ఉన్నప్పుడు బిడ్డకు చేరాలన్నది ఒకరి లెక్క. ముందే మొదలుపెడితే ఎక్కువమందికి అందుతుంది, నెలలు నిండకుండా పుట్టే బిడ్డకూ రక్షణ దొరుకుతుందన్నది రెండోవారి లెక్క. మీకు నెల తక్కువ కాన్పు అయ్యే అవకాశం ఉందని చెప్పి ఉంటే రెండో లెక్కే మీకు సరిపోతుంది.

మొదటి కాన్పప్పుడు వేయించుకున్నాను. మళ్లీ ఎందుకు?

కోరింత దగ్గు యాంటీబాడీలు ఏడాది తిరిగేసరికి బాగా పడిపోతాయి. మీకు కొంత రక్షణ మిగిలినా, కడుపులో బిడ్డకు పంపడానికి చాలినంత ఉండదు. అందుకే ప్రతి గర్భంలోనూ ఇస్తారు. ఫ్లూ వైరస్ ఏటా రూపు మార్చుకుంటుంది కాబట్టి దాని టీకా ఏ సీజనుకు ఆ సీజనే.

ఆర్ఎస్‌వి టీకా కొత్తది. నెలలు నిండకుండా కాన్పు అవుతుందంటున్నారు, నిజమేనా?

ఈ భయానికి ఆధారం లేకపోలేదు. గర్భిణులకు ఇచ్చే అబ్రిస్వో టీకాకు 2023 ఆగస్టులో అమెరికా అనుమతి ఇచ్చింది. దాని ట్రయల్‌లో బిడ్డకు మొదటి 90 రోజుల్లో తీవ్రమైన ఆర్ఎస్‌వి జబ్బు రావడం దాదాపు 82 శాతం తగ్గింది, ఆరు నెలల దాకా చూస్తే 69 శాతం. అదే ట్రయల్‌లో నెల తక్కువ కాన్పులు టీకా పడ్డవాళ్లలో 5.7 శాతం, పడనివాళ్లలో 4.7 శాతం. ఈ తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. కానీ మరో కంపెనీ తయారు చేస్తున్న ఇలాంటి టీకాలో నెల తక్కువ కాన్పులు పెరిగాయని 2022లో ఆ ట్రయల్ ఆపేశారు. అందుకని అమెరికా 32 నుంచి 36 వారాల మధ్యే ఇవ్వమని గిరి గీసింది. బ్రిటన్ 2024 సెప్టెంబరు నుంచి 28 వారాలకే ఇస్తోంది.

అనుమానం వచ్చిన చోట ఆపేయడం, ఇంకోచోట వారాలు బిగించడం చూస్తే ఈ విషయాన్ని కనిపెట్టి చూసేవాళ్లు ఉన్నారనే నాకు అనిపిస్తుంది. మనసు ఒప్పకపోతే, పుట్టాక బిడ్డకు నేరుగా ఇచ్చే నిర్సెవిమాబ్ అనే యాంటీబాడీ సూది మీకు దొరుకుతుందేమో అడగండి. చాలామందికి ఈ రెండింటిలో ఒకటి చాలు.

పెట్టెలోని కాగితంలో "గర్భిణులకు తప్పనిసరైతేనే ఇవ్వాలి" అని ఉంది. నర్సేమో పర్లేదంటోంది. ఏది నమ్మాలి?

మడతలు విప్పితే చేయంత పొడుగొచ్చే కాగితం, చీమల బారులాంటి అక్షరాలు, వాటి మధ్య గర్భిణుల మీద ఒకటి రెండు వాక్యాలు. టీకా వేయించుకునే గదిలో కూర్చుని ఆ వాక్యం చదివితే ఎవరికైనా చేయి వెనక్కి వస్తుంది. అది కంపెనీ చట్టపరంగా రాసుకునే మాట. గర్భిణుల మీద తాను స్వయంగా ట్రయల్ చేయకపోతే అలాగే రాస్తుంది. తర్వాత లక్షల మందికి ఇచ్చి చూసిన అనుభవం ఆ కాగితంలోకి ఆలస్యంగా చేరుతుంది, ఒక్కోసారి చేరదు. వైద్య సంఘాల సలహా ఆ అనుభవాన్నంతా చూసి ఇచ్చేది కాబట్టి రెంటికీ పొంతన లేనప్పుడు నేను రెండోదాన్నే నమ్ముతాను. ఆ కాగితాన్ని దాచుకోకుండా డాక్టరుకు చూపించి, ఈ వాక్యం సంగతేమిటని అడగండి.

కోవిడ్ టీకా మొదట వద్దని, తర్వాత వేయించుకోమని అన్నారు. ఇక ఏ టీకాను నమ్మాలి?

మొదటి ట్రయల్స్‌లో గర్భిణుల్ని చేర్చుకోలేదు. దాంతో 2020 డిసెంబరులో బ్రిటన్‌లో మామూలుగా వద్దన్నారు, 2021 ఏప్రిల్‌లో ఇవ్వొచ్చన్నారు. మధ్యలో జరిగిందేమిటంటే, అమెరికాలో ముందుగా వేయించుకున్న 35,000 మందికి పైగా గర్భిణుల వివరాలు వచ్చాయి, వాటిలో ఆందోళన పడాల్సిందేమీ కనిపించలేదు. మాట మారింది సమాచారం పెరిగినందుకే. అయినా అప్పట్లో "తెలియదు" అన్నదాన్ని "ప్రమాదం" అని విన్న తల్లులదేమీ తప్పు కాదు. వాళ్లను ట్రయల్స్‌లో చేర్చకపోవడం వల్ల ఆ లోటు పూడ్చే భారం వాళ్ల మీదే పడింది. ఆ చేదు మిగతా టీకాల మీదికీ పాకింది. ధనుర్వాతం టీకాను మాత్రం గర్భిణులకు ఎన్నో దశాబ్దాలుగా ఇస్తున్నారు.

ఏడో నెలలో కుక్క కరిచింది. రేబిస్ టీకా వేయించుకోవచ్చా?

వెంటనే వేయించుకోవాలి, ఆలోచించడానికి ఇందులో ఏమీ లేదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లండి. లక్షణాలు మొదలైతే రేబిస్ దాదాపు ఎప్పుడూ ప్రాణం తీస్తుంది. గర్భం టీకాకు గానీ, దానితో పాటు ఇచ్చే తయారు యాంటీబాడీల మందు ఇమ్యునోగ్లోబ్యులిన్‌కు గానీ అడ్డు కాదు.

## డాక్టరు మాట, ఇంట్లో మాట, ఫోన్లో వచ్చిన మాట

డాక్టరు టీకా ఊసే ఎత్తలేదు. అంటే అవసరం లేదనేగా?

కాకపోవచ్చు. గర్భిణులు టీకా వేయించుకుంటారా లేదా అన్నదాని మీద దేశదేశాల్లో జరిగిన పరిశోధనల్లో పదేపదే బయటపడే కారణం ఒకటే: చూస్తున్న డాక్టరో, నర్సో, మంత్రసానో స్పష్టంగా వేయించుకోమని చెప్పడం. "మీ ఇష్టం" అన్న మాటను చాలామంది వద్దన్నట్టే వింటారు. రద్దీలో మర్చిపోవడం, ఇంకొకరు చెప్పి ఉంటారనుకోవడం కూడా జరుగుతుంది. ఈసారి వెళ్లినప్పుడు సూటిగా ఇలా అడగండి: "నా స్థానంలో మీ చెల్లెలుంటే వేయించుకోమంటారా? ఎన్నో వారంలో?"

"మేం ఏ టీకాలూ లేకుండానే కన్నాం" అని మా అత్తగారు అంటున్నారు. ఏం చెప్పాలి?

ఆవిడ మాటలో ఉన్నది మీ మీద ప్రేమే. వాదించి గెలవడం కంటే ఆవిడను వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకెళ్లడం మేలు. ఆవిడ రోజుల్లో పురిట్లోనే పోయిన పిల్లల గురించి అడిగితే, తరచూ ఒకటి రెండు పేర్లు ఆవిడే చెబుతారు. శుభ్రంగా లేని పనిముట్టుతో బొడ్డు కోసినప్పుడు పట్టే ధనుర్వాతంతో 1988లో ప్రపంచంలో 7,87,000 మంది నవజాత శిశువులు చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2018 నాటికి ఆ సంఖ్య దాదాపు 25,000కు దిగింది. తల్లులకు వేసిన టీకా, శుభ్రమైన కాన్పు ఈ రెండే ఆ మార్పు తెచ్చాయి. కడుపులో బిడ్డ మీది, ఒళ్లు మీది. పెద్దల మాట వినండి, నిర్ణయం మాత్రం మీరు తీసుకోండి.

ధనుర్వాతం టీకాలో పిల్లలు పుట్టకుండా చేసే మందు కలుపుతారని మెసేజ్ వచ్చింది. నిజమా?

కాదు. ఈ పుకారు 1990ల్లో మెక్సికోలో, ఫిలిప్పీన్స్‌లో తిరిగింది. 2014లో కెన్యాలో అక్కడి కాథలిక్ బిషప్పులు కూడా ఇదే ఆరోపణ చేశారు. టీకాలో హెచ్‌సీజీ అనే గర్భధారణ హార్మోన్ ఉందన్నది ఆరోపణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ దాన్ని ఖండించాయి. మనుషుల రక్తం, మూత్రం పరీక్షించడానికి తయారైన కిట్‌తో టీకా ద్రవాన్ని పరీక్షిస్తే వచ్చే అంకెను నమ్మలేం. మీ చుట్టుపక్కల ఈ టీకా వేయించుకుని రెండో బిడ్డను, మూడో బిడ్డను కన్న తల్లులు ఎంతమంది ఉన్నారో చూడండి.

టీకాలో పాదరసం ఉంటుందట కదా?

పలు డోసులున్న సీసాల్లో సూక్ష్మజీవులు పెరగకుండా థయోమెర్సాల్ కొద్దిగా కలుపుతారు. అది ఒంట్లో ఇథైల్ పాదరసంగా మారి త్వరగా బయటికి పోతుంది. చేపల్లో పేరుకునే మిథైల్ పాదరసం వేరు. మనసుకు నచ్చకపోతే ఒకే డోసు సిరంజి అడగండి, మామూలుగా అందులో ఇది ఉండదు.

వేయించుకోవాలనే ఉంది, కానీ కుదరడం లేదు.

టీకా పడని వాళ్లలో ఇలాంటి వాళ్లు ఎక్కువమందే ఉంటారు, వాళ్లను భయస్తుల లెక్కలో కలపడం అన్యాయం. చెకప్ ఒకచోట, టీకా ఇంకోచోట. ఇంట్లో పెద్దబిడ్డను చూసేవాళ్లుండరు, పనిలో సెలవుండదు, వెళ్లేసరికి స్టాకుండదు. ఇక్కడ కావాల్సింది ఉపదేశం కాదు. స్కానింగ్ తేదీనాడే టీకా కూడా ఇస్తారా, ముందుగా ఫోన్ చేసి స్టాకు కనుక్కోవచ్చా అని అడగండి. వేసిన ప్రతి డోసు తేదీ మీ కార్డులో రాయించుకోండి. కాన్పుకు ఊరు మారేవాళ్లకు ఆ కార్డే ఆధారం.

## కాన్పయ్యాక

టీకా వేయించుకోకుండానే కాన్పు అయిపోయింది. ఇప్పుడు లాభం ఉందా?

మాయ ద్వారా అందాల్సిన యాంటీబాడీలు ఇక అందవు, నిజమే. అయినా మీరు ఇప్పుడు టీడాప్, ఫ్లూ టీకాలు వేయించుకుంటే మీ నుంచి బిడ్డకు ఆ జబ్బులు సోకే అవకాశం తగ్గుతుంది. బిడ్డను ఎత్తుకునే మిగతావాళ్లూ వేయించుకుంటే ఇంకా మంచిది. దగ్గుతున్నవాళ్లను మొహమాటపడకుండా దూరం పెట్టండి. బిడ్డ మొదటి డోసు ఒక్కరోజు కూడా ఆలస్యం కానివ్వకండి. రుబెల్లా, ఆటలమ్మ టీకాలు గర్భంలో ఆగిపోయి ఉంటే అవి వేయించుకోవాల్సిన సమయం ఇదే.

పాలిస్తున్నాను. టీకా వేయించుకుంటే పాలు ఆపాలా?

ఆపక్కర్లేదు. ఎంఎంఆర్‌తో సహా దాదాపు అన్ని టీకాలూ పాలిచ్చే తల్లులకు ఇస్తారు. జాగ్రత్త పడాల్సింది ఎల్లో ఫీవర్ టీకాతో. దానిలోని వైరస్ పాల ద్వారా కొన్ని వారాల పసికందులకు చేరిన కేసులు ఉన్నాయి. బిడ్డకు 9 నెలలు నిండకపోతే ఆ జబ్బున్న దేశాలకు ప్రయాణం వాయిదా వేసుకోవడం మంచిది. తప్పకపోతే టీకాకు ముందే డాక్టరుతో మాట్లాడండి.